పూల్ చుట్టూ ప్లాస్టిక్ గడ్డి: మన బెజవాడ ఎండకీ ఉక్కకీ ఆగుద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు పోరంకి వైపు. వెనకాల ఖాళీ జాగాలో పిల్లల గోల పడలేక చిన్న పూల్ కట్టించాం, 24 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పు, చుట్టూ ఆరేసి అడుగుల ఖాళీ. ఆ ఆరడుగుల్లో ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించాను, అదీ ఒకసారి కాదు రెండుసార్లు, మొదటిది పద్నాలుగు నెలలకే పీకి పారేయాల్సొచ్చింది. ఆ సంగతి తెలిసిన చుట్టాలూ, మా వీధి వాళ్ళూ, గుంటూరు నుంచి మా తోడల్లుడి ఫ్రెండ్సూ ఫోన్ చేసి అడిగిందే అడుగుతుంటే ఇక ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను కాంట్రాక్టర్‌ని కాదు, గడ్డి అమ్మేవాణ్ణి అసలే కాదు.

అసలు మన వాతావరణానికి ఇది ఆగుద్దా లేదా, ఒక్క ముక్కలో చెప్పండి

పైన గడ్డి ఆగుద్ది, కింద పని సరిగ్గా లేకపోతే అదే ఆగదు. అందరూ షాపుకెళ్ళి గడ్డిని నలిపి చూసి, మెత్తగా ఉందా, పచ్చగా ఉందా అని చూస్తారు, నేనూ అదే చేశా. కానీ పూల్ పక్కన రోజూ నీళ్ళు పడతాయి, జూన్ నుంచి నవంబర్ దాకా వానలు, వాన లేని రోజు ఉక్క, అంటే కింద తడి ఆరే టైమే ఉండదు. నీళ్ళు ఎటు పోతాయి అన్నది ముందు తేల్చుకుని ఆ తర్వాత గడ్డి చూడండి.

ఎండాకాలం కాలు కాలదా?

కాలుద్ది. ఈ విషయంలో ఎవడు ఏం చెప్పినా నమ్మకండి. మొదటి ఏడాది మే నెలలో మా మామగారు మధ్యాహ్నం రెండింటికి చెప్పులు లేకుండా పూల్ వైపు బయల్దేరారు, పచ్చగా ఉంది కదా చల్లగా ఉంటదనుకున్నారు పాపం, నాలుగో అడుగుకే పంచె ఎత్తి పట్టుకుని ఎగురుకుంటూ నేరుగా నీళ్ళల్లోకి దిగిపోయారు. ఇప్పటికీ ఫంక్షన్లలో అదే చెప్పి నవ్వుతుంటారు.

నిజం గడ్డి లోపలి నీటిని ఆవిరి చేసుకుంటూ తనని తాను చల్లబరుచుకుంటది, ప్లాస్టిక్‌కి ఆ పని రాదు, ఎండని పీల్చి వేడెక్కడమే. అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు 2002లో తమ ఫుట్‌బాల్ గ్రౌండ్ మీద కొలిచారు. దాదాపు 79 డిగ్రీలున్న ప్లాస్టిక్ గడ్డి మీద నీళ్ళు కొడితే 29కి దిగింది, ఐదు నిమిషాల్లో మళ్ళీ 49కి వచ్చింది, ఇరవై నిమిషాలయ్యేసరికి 73. అది రబ్బరు గుళికలు పోసిన ఆట గ్రౌండ్, మన పెరట్లో వేసేది అంత ఘోరంగా ఉండకపోవచ్చు, కానీ సంగతి అర్థమైంది కదా, నీళ్ళు కొట్టడం అనేది ఈత కొట్టే ముందు ఓ పావుగంటకి పనికొచ్చుద్ది అంతే.

ఇంకోటి గమనించా. మేలో పడమటి వడగాలి కొడుతున్నప్పుడు నీళ్ళు చల్లితే చకచకా ఆరిపోతూ గడ్డి కాస్త చల్లబడుద్ది. అదే జూన్ మొదట్లో ఉక్కపోతలో చల్లితే నీళ్ళు ఆరవు, గడ్డి వెచ్చగా తడిగా చెమట పట్టిన తువ్వాలులా ఉంటది. కాబట్టి నీడ ఒక్కటే మందు. మేము పడమర వైపు మార్చిలో షేడ్ నెట్ కట్టి వానలు మొదలవగానే విప్పేస్తాం, మా తోడల్లుడు గోరంట్లలో తాటాకు పందిరి వేయించాడు, చూడ్డానికి కూడా అదే బాగుంది. కూల్ టెక్నాలజీ గడ్డి అని ఎక్కువ రేటు చెప్తారు, శాంపిల్ ముక్క అడిగి తెచ్చుకుని మామూలు ముక్క పక్కనే డాబా మీద ఎండలో గంటసేపు పెట్టి చేత్తో ముట్టుకుని చూడండి, తేడా అనిపిస్తే కొనండి.

పూల్ అంచు దాకా వేసేయొచ్చా? ఫోటోల్లో అలాగే ఉంటది కదా

ఫోటోల్లో ఉంటది. వద్దు. అంచు చుట్టూ కనీసం రెండడుగులు రాయి వదలండి. మేము మాచర్ల నాపరాయి గరుకుది వేయించాం, తాండూరు బండ అయినా పర్లేదు, పాలిష్ మాత్రం చేయించొద్దు. పిల్లలు నీళ్ళలోంచి ఎక్కేది, కూర్చునేది, కాళ్ళు ఆడించేది అంతా ఆ రెండడుగుల్లోనే, బక్కెట్ల కొద్దీ నీళ్ళు పడేదీ అక్కడే. గడ్డి కొత్తలో కత్తిరించిన పోగులు రాలుద్ది, మొదటి నెల మా స్కిమ్మర్ (నీళ్ళ మీద తేలే చెత్త పట్టేది) బుట్టలో రోజూ గుప్పెడు పచ్చ పోగులు తీసేవాణ్ణి, అంచు దాకా వేసుంటే ఇంకెంత వచ్చేదో. పైగా అంచు మీద గడ్డి చివర ఎప్పుడూ తడిలో ఉండి ముందు అక్కడే గమ్ వదులుద్ది, పైకి లేచిన చివర కాలికి తగిలితే పడేది నీళ్ళలోకే.

మట్టి మీద వేయిస్తే కింద ఏం పోయించాలి?

ఇక్కడ డబ్బు పెట్టండి. మామూలు నేల అయితే నాలుగు నుంచి ఆరంగుళాలు తవ్వి, నేల చదును చేసి, రోలరో ప్లేట్ కాంపాక్టరో కొట్టించి (మనుషుల్తో దిమ్మిస కొట్టిస్తే సరిపోదు, చూడ్డానికి గట్టిగానే ఉంటది, ఒక వానాకాలం పోయాక అక్కడక్కడా గుంటలు తేలతాయి), పైన జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద 20 ఎంఎం కంకర మూడు నాలుగంగుళాలు, ఆ పైన 6 ఎంఎం చిప్స్ ఓ అంగుళం. ఆ గుడ్డ లేకపోతే రెండేళ్ళలో కంకర మట్టిలోకి దిగి, మట్టి కంకరలోకి ఎక్కి, నీళ్ళు పోయే సందులన్నీ మూసుకుపోతాయి.

మేస్త్రీలు చిప్స్ బదులు క్రషర్ డస్ట్ పోద్దాం సార్, నున్నగా వస్తది అంటారు. నున్నగా వచ్చే మాట నిజమే, కానీ డస్ట్‌లో పిండి లాంటిది ఎక్కువ, తడిస్తే గట్టిపడి నీళ్ళు దిగనివ్వదు. మామూలు పెరడు అయితే ఒప్పుకుందును, పూల్ పక్కన వద్దు.

గుంటూరు వైపు నల్లరేగడి నేల ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. రేగడి వానకి ఉబ్బుద్ది, ఎండకి బీటలిచ్చుద్ది, మీ గడ్డి ఒక్కటే కాదు పూల్ చుట్టూ ఫ్లోరింగ్ కూడా లేపుద్ది. అక్కడ ఆరంగుళాలు సరిపోవు, అడుగు అడుగున్నర రేగడి తీసేసి గ్రావెల్ తోలించి పొరలు పొరలుగా నీళ్ళు కొట్టి కాంపాక్ట్ చేయించాలి. ఈ ఖర్చు వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు, తగ్గినా తప్పులేదు, సగం పనికి డబ్బు తగలేసే కంటే అదే నయం.

వాటం సంగతి: ఆరడుగుల వెడల్పుకి తక్కువలో తక్కువ ముప్పావంగుళం, అంగుళన్నర ఇస్తే ఇంకా మంచిది, అదీ పూల్ వైపు కాదు, బయట వైపుకి. చివర్న కాలవ పెట్టి దానికి జాలీ వేయించండి. ఆ కాలవ ఎక్కడికి పోద్దో కూడా చూసుకోండి, మా పక్కింటాయన కాలవ బ్రహ్మాండంగా కట్టించి తీసుకెళ్ళి కాంపౌండ్ గోడ దగ్గర ఆపేశాడు.

మాకు ఆల్రెడీ సిమెంట్ ఫ్లోరింగ్ ఉంది, దాని మీద పరిచేస్తే అయిపోద్ది కదా?

నేను మొదటిసారి చేసింది ఇదే. గచ్చు ఉంది, నున్నగా ఉంది, ఇంకేం కావాలి అన్నాడు వేసినాయన. పొద్దున పదింటికి వచ్చారు, మధ్యాహ్నం భోజనాలకల్లా అయిపోయింది, సాయంత్రం ఫోటోలు దిగి స్టేటస్ పెట్టుకున్నాం. మొదటి వానాకాలం ఏం తెలియలేదు, కాస్త వాసన వచ్చేది, పూల్ నీళ్ళ వాసనేమో అనుకున్నాం. రెండో వానాకాలంలో ఈశాన్యం మూల నడిస్తే బుడుక్ బుడుక్ మని చప్పుడు, కాలు తీస్తే అడుగు గుర్తులో నీళ్ళు ఊరేవి. ఓ ఆదివారం నేనూ మా వాడూ మూల పట్టుకుని లేపాం. గమ్ చప్పరించి ఉమ్మేసిన చూయింగ్ గమ్‌లా సాగుతోంది, కింద గచ్చు మీద నల్లటి జిగురు పాచి, బురదా కాదు నూనే కాదు, వేలు పెడితే జారుతోంది. మురుగు వాసన, దాంట్లో మూడు జెర్రులు. మా ఆవిడ లోపల్నుంచి చూసి, ఇన్నాళ్ళూ దీని మీదేనా మనం మఠం వేసుకుని కూర్చుని టీ తాగింది అంది.

లెవెల్ పైపు పెట్టి చూస్తే తెలిసింది, ఆ మూల గచ్చు అర అంగుళం పల్లం. గడ్డి వెనకాల చిల్లులు ఉన్నాయి, నీళ్ళు కిందకి దిగుతున్నాయి, దిగిన నీళ్ళకి దారి లేదు.

కాబట్టి గచ్చు మీద వేయాలంటే ముందు నీళ్ళు పోసి చూడండి, అరగంట తర్వాత ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీసి, ఆ పల్లాలు మేస్త్రితో సరి చేయించండి. ఆ తర్వాత గచ్చుకీ గడ్డికీ మధ్య డ్రైనేజ్ సెల్ షీట్లు వేయించండి, ప్లాస్టిక్ గూళ్ళలా ఉంటాయి, టెర్రస్ గార్డెన్ వాళ్ళు వాడేవే, వాటి కింద గాలీ నీళ్ళూ ఆడతాయి. గడ్డి మొత్తం గమ్‌తో అంటించొద్దు, అంచులూ జాయింట్లూ చాలు. టైల్స్ మీద కూడా ఇంతే, కాకపోతే నున్నటి టైల్ మీద గడ్డి జారిపోకుండా అంచులు ఇంకాస్త గట్టిగా పట్టించాలి.

ఎన్ని ఎంఎం గడ్డి తీసుకోవాలి?

పోగు ఎత్తు పూల్ పక్కన 25 నుంచి 35 ఎంఎం. షాపు వాళ్ళు 40, 50 చూపిస్తారు, చేత్తో తడిమితే తివాచీలా ఉంటది, కానీ పొడుగు గడ్డి తడిసి ఒక పక్కకి పడుకుంటది, లోపల తడి ఆరదు, చెత్త చిక్కుకుంటది.

ఎంఎం కంటే వెనక్కి తిప్పి చూడటం ముఖ్యం. వెనకాల పూత రెండు రకాలు, లేటెక్స్ అని ఒకటి, పీయూ (పాలీయురేథేన్) అని ఒకటి. ఎప్పుడూ తడిలో ఉండే చోట లేటెక్స్ మెల్లగా పట్టు వదిలేస్తది, కుచ్చులు ఊడొస్తాయి, పీయూ దానికంటే బాగా ఆగుద్ది, రేటు ఎక్కువ. రెండు వేళ్ళతో ఒక కుచ్చు పట్టుకుని గట్టిగా లాగండి, షాపాయన మొహం చూడకుండా లాగండి, ఊడొస్తే పక్క షాపుకి నడవండి. పోగు పాలిథిలీన్‌ది అయితే మెత్తగా ఉంటది, అడుగున ఉంగరాలు తిరిగిన గోధుమరంగు పోగు మామూలుగా పాలీప్రొపిలీన్ ఉంటది, అది పర్లేదు. మొత్తం పాలీప్రొపిలీన్ అయితే చవక, గరుకు, ఒట్టి ఒంటితో కూర్చుంటే గీసుకుంటది. యూవీ వారంటీ (ఎండకి పోగు పాడవదని ఇచ్చేది) నోటితో కాదు, బిల్లు మీద రాయించుకోండి.

ఇసుక చల్లాలంటారు, నిజమేనా?

మామూలు చోట నిజమే, ఇసుక బరువుకి గడ్డి కదలదు, పోగులు నిలబడతాయి. పూల్ పక్కన మాత్రం ఆ ఇసుక కాళ్ళకంటుకుని నీళ్ళలోకి పోద్ది, అక్కణ్ణుంచి ఫిల్టర్‌కి. పూల్ వైపు వరసలో అసలు వేయకండి, దూరంగా గోడ పక్కన పలచగా వేయించుకోవచ్చు. వేస్తే కడిగిన సిలికా ఇసుక, గూడూరు చిల్లకూరు వైపు నుంచి వచ్చే తెల్లటిది. ఇల్లు కట్టగా మిగిలిన కృష్ణా ఇసుక ఉంది కదా అని చల్లకండి, దాంట్లో ఒండ్రు ఉంటది, తడిసి మేట వేసి చిల్లులు మూసేస్తది.

టైర్ల రబ్బరు గుళికలు ఎవరైనా ఇస్తానంటే ఊరికే ఇచ్చినా వద్దు. వేడెక్కుద్ది, మండుటెండలో వాసనేస్తది, పైగా ఇలా కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్ మీద యూరప్ వాళ్ళు 2023లో రూల్ తెచ్చి, ఆట గ్రౌండ్లకి కూడా ఎనిమిదేళ్ళే గడువిచ్చారు.

పూల్ క్లోరిన్‌కి రంగు పోద్దా?

పూల్‌లో ఉండే క్లోరిన్ లీటరుకి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు, దానికి ఈ ప్లాస్టిక్ ఏమీ అవదు. రంగు పోయేది వేరే రకంగా. పూల్ చూసే కుర్రాడు బ్లీచింగ్ బక్కెట్ గడ్డి మీద పెట్టి కలుపుతాడు, క్లోరిన్ బిళ్ళల డబ్బా మూత అక్కడే తీస్తాడు, ఒక బిళ్ళ కిందపడి వానకి కరిగిందంటే అక్కడ తెల్లటి మచ్చ ఖాయం. మా ఇంట్లో అలాంటి మచ్చ ఒకటి ఉంది, దాని మీద కుండీ పెట్టి కవర్ చేశాం. కెమికల్స్ పని అంతా రాయి మీదే అని గట్టిగా చెప్పండి.

సాల్ట్ పూల్ (ఉప్పు నుంచే క్లోరిన్ తయారు చేసుకునేది) అయితే నీళ్ళు ఆరాక ఉప్పు పొర మిగులుద్ది, వారానికోసారి మంచి నీళ్ళతో కడగాలి. బోరు నీళ్ళే ఉప్పగా ఉన్న ఇళ్ళలో ఆ కడిగే నీళ్ళే తెల్లగా పేరుకుంటాయి, అలాంటోళ్ళు మున్సిపల్ పంపు నీళ్ళు వచ్చే టైమ్‌లో కడుక్కోండి.

వాసన, పాచి రాకుండా ఏం చేయాలి?

ప్లాస్టిక్‌కి పాచి పట్టదు అంటారు, ప్లాస్టిక్‌ని పాచి తినదు నిజమే, దాని మీద పడ్డ దుమ్ము, వేపపూత, కొబ్బరాకు పొడి, పిల్లలకి రాసిన నూనె, సన్‌స్క్రీన్ తింటది. రోజూ కాదు గానీ వానాకాలంలో వారానికి రెండుసార్లు చెత్త ఊడ్చేయాలి, గట్టి ప్లాస్టిక్ చీపురుతో పోగులు వాలిన వైపుకి ఎదురుగా ఊడిస్తే పోగులు కూడా లేస్తాయి. ఇనప బ్రష్ వద్దు. నెలకోసారి సబ్బు నీళ్ళతో కడిగి మంచి నీళ్ళు కొట్టండి. కారు కడిగే ప్రెషర్ గన్ వాడితే వెడల్పు నాజిల్‌తో దూరం నుంచి, దగ్గర పెడితే జాయింట్ లేచిపోద్ది.

తడి తువ్వాళ్ళు, రబ్బరు ట్యూబులు, ఊది పెట్టే బాతు బొమ్మలు గడ్డి మీద రాత్రంతా వదిలేస్తే పొద్దున్నే లేపినప్పుడు కింద ఆ బాతు ఆకారంలోనే పాచి కనపడుద్ది. గోడకి నాలుగు మేకులు కొట్టి వాటికి తగిలించండి.

దోమలు, పాములు, జెర్రులు చేరతాయా?

కింద నీళ్ళు నిలవకపోతే దోమలకి చోటు లేదు. నిలిస్తే మీ డబ్బులతో మీరే డెంగ్యూ దోమలకి హాస్టల్ కట్టినట్టు. పాములు గడ్డి కింద దూరలేవు, అంచులు లేచి ఉంటేనే సమస్య, జెర్రులూ తేళ్ళూ ఆ సందుల్లోంచే పోతాయి. వానాకాలానికి ముందు ఒకసారి అంచుల వెంట చెయ్యి పెట్టి నొక్కుకుంటూ నడవండి.

ఏ నెలలో వేయించుకుంటే మంచిది?

సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి ఆఖరు దాకా. వానలు పూర్తిగా వెళ్ళి, నేల ఆరి, ఎండ ఇంకా ముదరని టైమ్ అది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల భయం, మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న కదా బాపట్ల దగ్గర తీరం దాటింది, అప్పటికి శీతాకాలం వచ్చేసిందనే అనుకున్నాం. తడి గచ్చు మీద గమ్ పట్టదు, ఉక్కలో కొన్ని పీయూ గమ్‌లు గాల్లో తేమకే నురుగెత్తి తొందరగా గట్టిపడిపోతాయి. మే నెలలో వేస్తే ప్లాస్టిక్ ఎండకి సాగి ఉంటది, చలికాలం వచ్చేసరికి జాయింట్ల దగ్గర సన్నగా నోరు తెరుస్తది. ఏ నెలైనా రోల్ తెచ్చిన వెంటనే కోయనివ్వకండి, విప్పి రెండు గంటలు పరిచి ఉంచితే ముడతలు పోతాయి.

జాయింట్లు కనపడుతున్నాయి, ఎందుకని?

రెండు కారణాలు. ఒకటి, గడ్డి పోగులన్నీ ఒక పక్కకి వాలి ఉంటాయి, పక్క ముక్క వాలు తిరగబడితే అదొక రంగు ఇదొక రంగులా కనపడుద్ది. పూల్ చుట్టూ నాలుగు వైపులా అదే వాలు ఉండాలి, పనివాళ్ళు మెటీరియల్ మిగలాలని అటూ ఇటూ తిప్పి వేసేస్తారు, అప్పుడు మీరు అక్కడే నిలబడాలి. వాలు మీరు ఎక్కువగా కూర్చునే చోటు వైపుకి ఉంటే నిండుగా కనపడుద్ది.

రెండోది రోల్ వెడల్పు. మామూలుగా రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. మాది లెక్క చూడండి: చుట్టూ ఆరడుగుల్లో రెండడుగులు రాయి పోగా నాలుగడుగుల పట్టీ, మొత్తం 416 చదరపు అడుగులు. ఆరున్నర అడుగుల రోల్‌లోంచి నాలుగడుగులు కోస్తే రెండున్నర అడుగుల ముక్క మిగులుద్ది, దాన్ని అతికించి వాడితే జాయింట్, పారేస్తే ఆ వేస్ట్‌కి కూడా డబ్బులు కట్టాలి. పూల్ కట్టక ముందే అయితే గడ్డి పట్టీ ఆరున్నర అడుగులు వచ్చేలా ప్లాన్ గీయించుకోండి, పొడుగు వైపు రెండు పక్కలా అసలు జాయింటే రాదు. నేను పూల్ కట్టాక ఆలోచించా.

పెద్ద అద్దాల కిటికీ ఉంటే గడ్డి కాలిపోద్దన్నారు, నిజమా?

నిజమే. ఈమధ్య ఇళ్ళకి పెడుతున్న వేడి ఆపే అద్దాలు ఎండని విసిరి కొడతాయి, అది రోజూ ఒకే చోట పడితే పోగులు ముడుచుకుపోయి నల్లబడతాయి. బయట వైపు చాపో వలో కడితే చాలు.

దీనికంటే మన దగ్గర పెద్ద శత్రువు దీపావళి. చిచ్చుబుడ్డి, భూచక్రం, కాకరపువ్వొత్తి, ఏది పడినా చిల్లే. ఆ రెండ్రోజులూ పిల్లల్ని వీధి వైపు తోలేయండి. కార్తీక మాసం దీపాలు, బార్బెక్యూ బొగ్గులు, సిగరెట్ పీకలు కూడా అంతే. పని అయ్యాక మిగిలిన ముక్కలు పారేయకుండా దాచుకోండి, కాలిన చోట కోసి అతికించడానికి పాత ముక్కే కావాలి, కొత్తది తెస్తే రంగు కలవదు.

దాని మీద వడియాలు పెట్టుకోవచ్చా?

ఈ ప్రశ్న మా అమ్మది. వడియాలు వద్దమ్మా, పోగులు అంటుకుంటాయి అంటే, పోనీ ఆవకాయ ముక్కలైనా ఆరబెడతా, ఇంత వేడి ఊరికే పోతోంది కదా అంది. గుడ్డ పరిచి ఆరబెట్టింది, బాగానే ఆరాయి. కారం కలిపే బేసిన్ మాత్రం అక్కడ పెట్టనివ్వలేదు. నూనెలో కలిసిన పసుపూ కారం పడితే వెంటనే సబ్బు నీళ్ళు కొట్టాలి, ఒక పూట ఆగితే ఆ ఎర్ర మచ్చ మళ్ళీ ఆవకాయ సీజన్ దాకా ఉంటది.

కుక్క ఉంది

నీళ్ళు దిగే బేస్ ఉంటే పర్లేదు, పోసిన చోట రోజూ నీళ్ళు కొట్టాలి. వాసన పీల్చుకునే జియోలైట్ గుళికలు దొరుకుతాయి, ఇసుక బదులు అక్కడ వరకు వేయొచ్చు. మధ్యాహ్నం దాన్ని గడ్డి మీదకి వదలకండి, మా మామగారంటే పూల్‌లో దూకారు.

వరద వస్తే?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా కజిన్ వాళ్ళ వాకిట్లో ఇలాంటి గడ్డే ఉంది, నీళ్ళు తగ్గాక చూస్తే దాని మీద ఒండ్రు మేట. పక్కింటి వాళ్ళు గడ్డి సంగతి తర్వాత చూద్దాంలే అని ఇల్లు శుభ్రం చేసుకునేసరికి అది ఎండి గట్టిపడింది, ఇక రాలేదు. మా కజిన్ మాత్రం తడి మీద ఉండగానే పైపు పెట్టి కడిగాడు, తర్వాత పలచటి బ్లీచింగ్ నీళ్ళు కొట్టి మళ్ళీ కడిగాడు, ఇప్పటికీ వాడుతున్నాడు. డ్రైనేజీ నీళ్ళు కలిసిన వరద కాబట్టి చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి.

ఖర్చు ఎంత? ఎన్నేళ్ళు వస్తది?

గడ్డి రేటు అడుగు లెక్కన చెప్తారు, క్వాలిటీని బట్టి రెట్టింపు మూడింతలు తేడా ఉంటది, ఈరోజు నేను రాసిన రేటు రేపు ఉండదు. నాకు రెండోసారి గడ్డి కంటే కింద పనికే ఎక్కువైంది, అలా అయితేనే పని సరిగ్గా జరిగినట్టు. కొటేషన్‌లో గడ్డి వేరు, బేస్ వేరు, గమ్మూ టేపూ వేరు, కూలి వేరు రాయమనండి, అంతా కలిపి అడుగుకి ఇంత అని చెప్పేవాడు ఎక్కడ మిగుల్చుకుంటాడో మీకే తెలుసు.

మంచి గడ్డి, మంచి బేస్ అయితే ఎనిమిది పదేళ్ళు రావాలి, మన ఎండకి ఓ రెండేళ్ళు తగ్గించుకోండి. తర్వాత అది చెత్తే. ప్లాస్టిక్, పూత, ఇసుక అన్నీ అతుక్కుని ఉంటాయి కాబట్టి పాత సామాన్ల వాడు కూడా తీసుకోడు. తగలబెట్టొద్దు దయచేసి. మా మొదటి గడ్డిలో బాగున్న ముక్కలు పెనమలూరులో ఫ్రెండ్ వాళ్ళ కోళ్ళ షెడ్డు ముందు పరిచాం, మిగతాది కార్పొరేషన్ బండికి.

ఇంత గొడవ ఎందుకు, నిజం గడ్డి పెంచుకుంటే పోలా?

జాగా ఎక్కువుండి, నీళ్ళుండి, కోసేవాళ్ళుంటే అదే పెంచుకోండి, కడియం నర్సరీల నుంచి గడ్డి పలకలు తెచ్చి వేస్తారు. కాళ్ళు కాలవు. కానీ పూల్ పక్కన ఆరడుగుల పట్టీలో క్లోరిన్ నీళ్ళు, ఉప్పు నీళ్ళు, పిల్లల తొక్కుడు కలిసి బురదే మిగులుద్ది, ఆ బురద కాళ్ళతో నీళ్ళలోకి. మేము గోడ పక్కన నీడ ఉన్న చోట నిజం గడ్డి, ఎండలో ప్లాస్టిక్ గడ్డి అనుకున్నాం, తర్వాత తెలిసింది గడ్డికి ఎండ కావాలి, కాళ్ళకి నీడ కావాలి, మేము పెట్టింది సరిగ్గా తిరగేసి అని.

పని అయ్యాక సరిగ్గా వేశారో లేదో ఎలా తెలుస్తది?

ఆఖరి పేమెంట్ చేతిలో ఉండగానే రెండు బక్కెట్ల నీళ్ళు ఒకే చోట గుమ్మరించండి, మీకు బాగా అనుమానం ఉన్న మూలలో. నీళ్ళు పైన తేలకుండా దిగిపోవాలి, రెండు మూడు నిమిషాల్లో చివర కాలవలో కనపడాలి. దిగాయి గానీ కాలవలోకి రాలేదంటే, అదీ గచ్చు మీద అయితే, కింద ఎక్కడో ఆగాయి, లేపించి చూడండి. కంకర బేస్ అయితే కొంత కంకర తాగుద్ది కాబట్టి ఇంకో రెండు బక్కెట్లు పోయండి. రెండోసారి మా పని చేసిన మేస్త్రి నేను బక్కెట్ తేకముందే తనే పైపు పట్టుకుని ఆ ఈశాన్యం మూలకి వెళ్ళి నీళ్ళు వదిలి, కాలవ దగ్గర గొంతుక్కూర్చుని బీడీ ముట్టించబోయి, గడ్డి గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బీడీ సంగతి సరే, నీళ్ళు మాత్రం వచ్చాయి.